ఆ అయిదుగురినే చూడండి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి మీంచి చూపు తప్పించి, దానికి దారి చేసే అఫెన్సివ్ లైన్‌ను అడుగడుగునా పరీక్షించే అభిమానులున్నారు. వాళ్ల కళ్లకు ఏం కనిపిస్తుంది? ఎంతవరకు కనిపిస్తుంది?

2023 నవంబరు 11, శనివారం. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వారి బీవర్ స్టేడియం. లక్ష మందికి పైగా జనం. అవతలి జట్టు మిషిగన్ యూనివర్సిటీ. ఆ సీజన్‌లో అప్పటికి మిషిగన్‌కి ఓటమన్నది లేదు, పెన్ స్టేట్ ఓడింది ఒక్క మ్యాచే. ఆట మొదలైన కాసేపటికే మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీ మీదికి పెన్ స్టేట్ కుర్రాళ్లు దూసుకురావడం మొదలుపెట్టారు. రెండో క్వార్టర్లోనే మిషిగన్ కోచ్‌లు ఒక నిర్ణయానికొచ్చేశారు. ఇక బంతిని గాల్లోకి విసిరేది లేదు, చంకలో పెట్టుకుని పరిగెత్తడమే. అక్కణ్నుంచి ఆట ముగిసేదాకా లెక్కలోకి వచ్చిన 32 ఎత్తులూ వరసగా పరుగులే. రెండో సగంలో ఒక్క పాస్ కూడా రికార్డుకెక్కలేదు. 24-15తో మిషిగన్ గెలిచింది.

పొడవాటి పాస్‌ల కోసం ఎదురుచూసినవాళ్లకి ఆ ఆట చప్పగా అనిపించింది. మరో రకం అభిమానులకి మాత్రం అది పండగ. వాళ్లు ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో మళ్లీ టీవీ ముందు చేరారు. రికార్డు చేసుకున్న మ్యాచ్‌ని మొదటినుంచీ పెట్టారు. ఒక్కో ఎత్తునీ ఆపి, వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపి చూశారు. వాళ్లు చూసింది బంతిని కాదు, బంతి పట్టుకుని పరిగెత్తిన బ్లేక్ కోరమ్‌నీ కాదు. అతని ముందు నిలబడ్డ అయిదుగురిని.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒక్కో జట్టుకి పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. ఒక్కో ప్రయత్నంలోనూ సెంటర్ అనే ఆటగాడు వంగి, కాళ్ల మధ్యనుంచి బంతిని వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కి అందిస్తాడు. దీన్నే స్నాప్ అంటారు. సెంటర్‌కి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్ల పక్కన చివర్లలో ఇద్దరు ట్యాకిళ్లు. ఈ అయిదుగురే అఫెన్సివ్ లైన్. ఒక్కొక్కరూ 300 పౌండ్లకు, అంటే 136 కిలోలకు అటూ ఇటూ ఉంటారు. వీళ్ల జెర్సీ నంబర్లు ఇప్పుడు 50 నుంచి 79 లోపు ఉంటాయి. మామూలుగా ముందుకు విసిరిన పాస్‌ని వీళ్లు పట్టుకోకూడదు. కాలేజీ నిబంధనల ప్రకారం, పాస్ విసిరే ఎత్తులో బంతి చేతిలోంచి వెళ్లకముందే మూడు గజాలు దాటి ముందుకెళ్లకూడదు. ఎదుటివాళ్లని ఆపడం, తోయడం, పక్కకి తిప్పడం. అదే వీళ్ల పని. దాన్నే బ్లాకింగ్ అంటారు.

పరుగు తీసినవాడికి గజాలున్నాయి, పాస్ విసిరినవాడికి శాతాలున్నాయి, పట్టుకున్నవాడికి క్యాచ్‌లున్నాయి. ఈ అయిదుగురికి స్కోరు పట్టికలో ఒక గడి కూడా లేదు. మైకులో వాళ్ల పేరు గట్టిగా వినిపించేది చాలావరకు తప్పు చేసినప్పుడే. స్నాప్‌కి ముందే కదిలితే అయిదు గజాల శిక్ష, ఎదుటివాణ్ని అక్రమంగా పట్టుకుంటే పది గజాలు. అందుకే వీళ్ల పనితనం తెలియాలంటే చూసి తీరాలి. ఎవరో లెక్కగట్టి చేతిలో పెట్టరు.

ఎన్నడూ ఆడని మనిషి పన్నిన వ్యూహం

బ్లాకింగ్ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1892 నాటిది. ఆ ఏడాది హార్వర్డ్, యేల్ మధ్య ఆటలో హార్వర్డ్ ఒక కొత్త వ్యూహం దించింది. ఆటగాళ్లు రెండు గుంపులుగా వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, ఒక చోట కలిసి, ముక్కోణపు మొనలా ఎదుటి జట్టులో ఒకే ఒక్కడి మీద పడ్డారు. బంతి పట్టుకున్నవాడు ఆ మొన వెనక దాక్కుని వెళ్లాడు. దాని పేరు ఫ్లయింగ్ వెడ్జ్. దెబ్బలు మరీ ఎక్కువవడంతో రెండేళ్లకే, 1894లో, నిబంధనలు మార్చి దాన్ని ఆపేశారు. ఇంతకీ దాన్ని కనిపెట్టిన లోరిన్ డీలాండ్ ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. చదరంగం మీద మక్కువ ఉన్నవాడు, నెపోలియన్ యుద్ధాలు చదివినవాడు. గట్టు మీద కూర్చుని ఆట చూసి, దాని లోపలి లెక్క పట్టుకున్నాడు.

ఆడనివాడికి ఏం తెలుస్తుంది అని తీసిపారేసేవాళ్లకి డీలాండ్ ఒక్కడు చాలు జవాబుగా. మన కాలంలోనూ అలాంటి మనిషి ఉన్నాడు. ఇంగ్లండ్‌కి చెందిన నీల్ హోర్న్‌బీ. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఇష్టపడే మామూలు అభిమాని. ప్రతి ఎత్తులో ప్రతి ఆటగాడికీ మార్కులు వేస్తే ఎలా ఉంటుందని మొదలుపెట్టాడు. అదే ఇవాళ ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ. ఒక్కో ఎత్తుకి మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా, అర మార్కు చొప్పున కొలుస్తారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లూ ఆ సమాచారం తీసుకుంటున్నాయి. కాలేజీ ఆటగాళ్లకి కూడా 2014 నుంచి వేస్తున్నారు.

ఇక గుర్తింపు సంగతి. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద వ్యక్తిగత బహుమతి హైస్మన్ ట్రోఫీ, 1935 నుంచి ఇస్తున్నారు. ఇన్నేళ్లలో ఒక్క అఫెన్సివ్ లైన్‌మన్‌కీ రాలేదు. దగ్గరగా వచ్చింది 1973లో ఒహాయో స్టేట్ ట్యాకిల్ జాన్ హిక్స్, రెండో స్థానంలో నిలిచాడు. ఆ ట్రోఫీకి పేరిచ్చిన జాన్ హైస్మన్ స్వయంగా లైన్‌లో ఆడినవాడు కావడం మనసుకి కష్టంగా ఉంటుంది. ఇంకో పేరు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెరాల్డ్ ఫోర్డ్ మిషిగన్ జట్టు సెంటరే. 1934లో ఆ జట్టు తమలో అత్యుత్తముడిగా అతన్నే ఎన్నుకుంది. అతను వేసుకున్న 48 నంబరు జెర్సీని తర్వాత గౌరవంగా పక్కన పెట్టేశారు.

వెనక పాదం

డెట్రాయిట్ పక్కనున్న కాంటన్, నోవై, ట్రాయ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డారు. కార్ల కంపెనీల్లో, ఐటీలో, ఆసుపత్రుల్లో ఉద్యోగాలు. పిల్లల్లో చాలామంది యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీకే వెళ్తుంటారు. 1927లో కట్టిన ఆ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 సీట్లు. అమెరికాలో అంతకన్నా పెద్ద స్టేడియం లేదు. కాంటన్‌లో మా అక్కావాళ్లింట్లో మేనల్లుడికి ఈ లైన్ పిచ్చి ఆ స్టేడియం విద్యార్థుల గ్యాలరీలోనే పట్టుకుంది. నాకు ఆట నేర్పింది వాడే. సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని, రిమోట్ నొక్కి బొమ్మ ఆపాడు.

"మావయ్యా, బంతి జోలికి పోకు. ఆ కుడి గార్డ్ వేళ్లు చూడు ముందు. నేలకి ఎంత గట్టిగా ఆనించాడో."

"గట్టిగానే ఉన్నాయి. అయితే?"

"బరువంతా చేతి మీదకి వేశాడంటే ముందుకి దూకబోతున్నాడు. పరుగన్నమాట. చెయ్యి తేలిగ్గా పెట్టి, కాస్త వెనక్కి కూర్చున్నట్టుంటే పాస్. ఇప్పుడు వెనక పాదం చూడు."

ఒక్కో ఫ్రేమూ జరిపాడు. గార్డ్ ముందుకి దూకలేదు. పాదం అరడుగు వెనక్కి తీసి, తుంటి తిప్పి, సెంటర్ వీపు వెనకనుంచి ఎడమవైపుకి పరుగందుకున్నాడు.

"అదీ పుల్ అంటే. ఆ అరడుగు ఎక్కువైతే ఆలస్యం, తక్కువైతే సెంటర్ కాలికి తగిలి పడిపోతాడు" అన్నాడు వాడు.

ఆ ఎత్తు పేరు కౌంటర్. లైన్‌ని ఇష్టపడేవాళ్లకి ఇంతకన్నా ఇష్టమైన ఎత్తు లేదంటే అతిశయోక్తి కాదు. ఎడమవైపుకి పరుగనుకుందాం. ఎడమ గార్డ్, ఎడమ ట్యాకిల్ ఎదురుగా ఉన్నవాళ్లని వదిలేసి, ఏటవాలుగా లోపలివైపు దిగి అక్కడున్న భారీ మనిషిని కుడివైపుకి తోసేస్తారు. సెంటర్ కుడివైపు తిరిగి, పుల్ అయిన గార్డ్ వదిలిన ఖాళీని పూడుస్తాడు. ఎడమ చివరి డిఫెండర్‌ని కావాలనే ఎవరూ ముట్టుకోరు. వాడు దారి ఖాళీగా ఉందని లోపలికి వచ్చేసరికి, అవతలివైపునుంచి పరిగెత్తుకొచ్చిన కుడి గార్డ్ వాణ్ని బయటికి నెట్టేస్తాడు. ఆ వెనకే వచ్చిన రెండో మనిషి, కుడి ట్యాకిల్ కావచ్చు, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్ కావచ్చు, ఆ సందులోంచి దూరి, ఎదుటి లైన్ వెనక కాపుండే లైన్‌బ్యాకర్‌ని పట్టుకుంటాడు. పరుగు తీసేవాడు మొదట కుడివైపు ఒక అడుగు వేసి, ఎదుటివాళ్లని అటు లాగి, వీళ్ల వెంట ఎడమవైపుకి మళ్లుతాడు. ఇదంతా రెండు సెకన్ల వ్యవహారం. 1980ల్లో నెబ్రాస్కా యూనివర్సిటీ దీన్ని ఆడితే, వాషింగ్టన్ ప్రొఫెషనల్ జట్టు కోచ్ జో గిబ్స్ దాన్ని తీసుకుని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు తెచ్చుకున్నాడు.

టీవీలో మొదటిసారి చూసినప్పుడు ఇందులో ఏదీ కనిపించదు. మన కళ్లు పరుగు తీసేవాడి మీదే ఉంటాయి. అతను పది గజాలు వెళ్తే భలే పరిగెత్తాడంటాం, అక్కడే పడిపోతే చేతకాలేదంటాం. రెండోసారి గార్డ్‌ని మాత్రమే చూస్తే, మూడోసారి సెంటర్‌ని మాత్రమే చూస్తే, ఆ పది గజాలు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలుస్తుంది. మా మేనల్లుడు ఒక్కో ఎత్తునీ మనిషికోసారి చొప్పున చూస్తాడు. పక్కన నోట్‌బుక్. బాగా చేస్తే ప్లస్, పాడు చేస్తే మైనస్, తన పని తాను చేసి ఊరుకుంటే సున్నా.

కిందున్నవాడిదే పైచేయి

అసలు మంచి బ్లాక్ అంటే ఏమిటి? మొదటి సంగతి భుజాల ఎత్తు. ఇద్దరు భారీ మనుషులు ఢీకొన్నప్పుడు, ఎవరి భుజాలు కింద ఉంటే వాళ్లు అవతలివాణ్ని లేపేస్తారు. స్నాప్ అవగానే నిటారుగా లేచి నిలబడ్డ లైన్‌మన్ ఎంత బలవంతుడైనా వెనక్కి పోవాల్సిందే. రెండోది చేతులు. అవతలివాడి ఛాతీ మీద, లోపలివైపు పడాలి. భుజాల బయటికి పోయి పట్టుకుంటే రెఫరీ జెండా ఎగురుతుంది. మూడోది పాదాలు. తగిలాక ఆగకూడదు, చిన్న చిన్న అడుగులతో ఆడుతూనే ఉండాలి. తగలడం వరకు చాలామంది చేస్తారు. తగిలాక మూడో అడుగు, నాలుగో అడుగు వేసేవాడే లైన్‌మన్.

వీటన్నిటికన్నా కష్టమైంది ఇద్దరు కలిసి చేసే బ్లాక్. దాన్ని కాంబో అంటారు. గార్డ్, ట్యాకిల్ తుంటికి తుంటి ఆనించి ఎదురుగా ఉన్న డిఫెన్సివ్ ట్యాకిల్‌ని వెనక్కి నెడతారు. నెడుతూనే ఇద్దరి కళ్లూ వెనకున్న లైన్‌బ్యాకర్ మీద ఉంటాయి. వాడు ఎటు అడుగేస్తే అటున్నవాడు విడిపోయి వాడి మీదికి వెళ్లాలి, రెండోవాడు ఒక్కడే మొదటి మనిషిని నిలబెట్టుకోవాలి. మన చెడుగుడులో చేతులు పట్టుకుని గొలుసు కట్టేవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కూతకొచ్చినవాడి మీదికి గొలుసులో ఒకడు తొందరపడి ముందే దూకితే ఇద్దరూ పోతారు, ఆలస్యం చేస్తే వాడు గీత దాటేస్తాడు. ఇక్కడా అంతే. తొందరగా విడిపోతే లైన్‌లోని మనిషి చొచ్చుకొస్తాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి పరుగుని ఆపేస్తాడు.

పెన్ స్టేట్ మీద ఆ 32 పరుగుల్లో అభిమానులు వెతుక్కుని చూసింది ఈ కాంబోలనే. మిషిగన్ ఆ రోజు చాలాసార్లు అయిదుగురికి తోడు ఆరో లైన్‌మన్‌ని కూడా దించింది. అంటే, పరుగే వస్తోందని స్టేడియంలో ఉన్న అందరికీ తెలుసు, పెన్ స్టేట్‌కీ తెలుసు. తెలిసీ ఆపలేకపోయారు. కొన్ని ఎత్తుల్లో రెండు గజాలే వచ్చాయి, కొన్నిట్లో అసలేమీ రాలేదు. కానీ ఎదుటివాళ్లు ప్రతిసారీ 136 కిలోల మనుషులు ఇద్దరేసిని మోయాల్సి వచ్చింది. చివరి క్వార్టర్లో కోరమ్ 30 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసినప్పుడు, ఆ దారి అప్పటికప్పుడు తెరుచుకుందని నేననుకోను. అంతకుముందు వచ్చిన ఆ రెండేసి గజాలన్నీ అందులో ఉన్నాయి.

తప్పెవరిది?

పరుగు కన్నా పాస్ దగ్గర వాదనలు ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఉండగానే పడగొడితే దాన్ని శాక్ అంటారు. శాక్ పడగానే ఇళ్లలో, బార్లలో, పార్కింగ్ స్థలాల్లో ఒకే మాట వినిపిస్తుంది. లైన్ పనికిమాలింది అని. అందులో సగం అన్యాయమే.

క్వార్టర్‌బ్యాక్ అయిదు సెకన్లు బంతి పట్టుకుని తిరిగితే ఏ లైనూ కాపాడలేదు. అదనంగా దూసుకొచ్చిన డిఫెండర్‌ని పట్టుకోవాల్సింది ఒక్కోసారి వెనకున్న రన్నింగ్ బ్యాక్. అతను చూడకపోతే, పక్కనే ఉన్న ట్యాకిల్‌ని తప్పించుకుని వచ్చినట్టు టీవీలో కనిపిస్తుంది. ఎదుటివాళ్లు ట్విస్ట్ వేస్తారు, అంటే ఇద్దరు డిఫెండర్లు అడ్డంగా చోటు మార్చుకుని వస్తారు. అప్పుడు గార్డ్, ట్యాకిల్ కూడా తమ మనుషుల్ని మార్చుకోవాలి. ఒకడు మార్చుకుని రెండోవాడు మార్చుకోకపోతే ఒక డిఫెండర్ ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తాడు. ఎవరు వదిలేశారో బయటినుంచి చెప్పడం చాలా కష్టం. స్నాప్‌కి ముందు సెంటర్ ఏం అరిచాడో మనకి వినపడదు. ఆ వారం కోచ్ ఏం చెప్పాడో తెలియదు.

ఈ ఇబ్బంది తెలిసిన అభిమానుల నోట్‌బుక్కులో ప్లస్, మైనస్, సున్నాతోపాటు నాలుగో గుర్తు కూడా ఉంటుంది: ప్రశ్నార్థకం. నా లెక్కలో, ఆ ప్రశ్నార్థకం ఎన్నిసార్లు పెట్టాడన్నదే మంచి పరిశీలకుడికి కొలమానం. అదే ఎత్తు మళ్లీ వచ్చేదాకా ఆగుతారు. మూడుసార్లు ఆడితే రెండుసార్లు గార్డ్ బయటికే చూశాడంటే, మూడోసారి లోపలికి చూసింది తప్పు కావచ్చు. సోమవారం విలేకరుల ముందు కోచ్ అన్న మాటల్ని దీంతో పోల్చుకుంటారు. అప్పటికీ తేలకపోతే ప్రశ్నార్థకాన్ని అలాగే ఉంచేస్తారు.

ఈ జాగ్రత్త ఎందుకు ముఖ్యమంటే, వీళ్లు 18 నుంచి 22, 23 ఏళ్ల మధ్య కుర్రాళ్లు. ఎడమ ట్యాకిల్ పని ఎంత ముఖ్యమో చెప్పడానికి అమెరికాలో చాలామంది 1985లో క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ కాలు విరిగిన ఆటని తలుచుకుంటారు. మైకేల్ లూయిస్ 'ద బ్లైండ్ సైడ్' పుస్తకానికి మొదలు అదే. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపువైపు కనపడదు, ఆ వైపుని కాపాడేది ఎడమ ట్యాకిల్. అంత బాధ్యత మోస్తున్న కుర్రాడి మీద సరిగ్గా చూడకుండా నింద వేయడం నాకు సహించదు.

లెక్కలు, పాన్‌కేకులు

పరుగులో లైన్ వాటా ఎంత, పరిగెత్తినవాడి వాటా ఎంత? దీనికి ఫుట్‌బాల్ అవుట్‌సైడర్స్ అనే బృందం ఒక సూత్రం చెప్పింది. మొదటి నాలుగు గజాలు పూర్తిగా లైన్‌వి. అయిదు నుంచి పది దాకా సగం లైన్‌కి. పది దాటాక అంతా పరిగెత్తినవాడిదే. వెనక్కి పోతే మాత్రం లైన్ మీద 120 శాతం భారం. అంటే 12 గజాల పరుగులో లైన్‌కి దక్కేది ఏడు గజాలు. రెండు గజాలు వెనక్కి పోతే లైన్ ఖాతాలో 2.4 గజాల నష్టం. మొత్తం సీజన్‌ని తూచడానికి ఇది మంచి తూకమే. ఒక్క ఎత్తుని తూచడానికి మాత్రం పనికిరాదు. నలుగురు అద్భుతంగా చేసి అయిదోవాడు జారితే, సూత్రం అయిదుగురినీ కలిపి కొడుతుంది.

రెండో కొలమానం పాన్‌కేక్. ఎదుటివాణ్ని వెల్లకిలా పడేస్తే దాన్ని పాన్‌కేక్ బ్లాక్ అంటారు. 1996లో ఒహాయో స్టేట్ తమ ట్యాకిల్ ఆర్లాండో పేస్‌ని హైస్మన్‌కి ప్రచారం చేయడానికి పాన్‌కేక్ బొమ్మతో ఫ్రిజ్ అయస్కాంతాలు పంచింది. అతను నాలుగో స్థానంలో వచ్చాడు. ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చని 2021లో అనుమతి వచ్చాక, టెక్సస్‌లో ఒక సేవాసంస్థ 'పాన్‌కేక్ ఫ్యాక్టరీ' అని పేరుపెట్టి, అక్కడి యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి అఫెన్సివ్ లైన్‌మన్‌కీ ఏడాదికి 50 వేల డాలర్లు ప్రకటించింది. వీళ్లకి డబ్బు దక్కడం చూస్తే సంతోషమే. పాన్‌కేక్‌ని నెత్తిన పెట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు. పడేయడం చూడ్డానికి బాగుంటుంది, కానీ పడేసినవాడు తానూ పడిపోతాడు. ఎదుటివాడికీ పరుగుకీ మధ్య రెండు సెకన్లు తన వీపు అడ్డం పెట్టి నిలబడ్డవాడు ఎవరి కంటా పడడు. గజాలు ఎక్కువగా వచ్చేది వాడి వల్లే.

2015 నుంచి ఇస్తున్న జో మూర్ అవార్డు ఒక్క మనిషికి కాక మొత్తం లైన్‌కి ఇస్తారు. పిట్స్‌బర్గ్, నోటర్‌డామ్‌లలో లైన్ కోచ్‌గా చేసిన మూర్ పేరు మీద పెట్టారు. మొదట అలబామాకి వచ్చింది. మిషిగన్ 2021, 2022ల్లో వరసగా గెలిచింది. 2024లో ఆర్మీ, అంటే వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ జట్టు, గెలవడం నన్ను బాగా కదిలించింది. సైన్యంలో చేరాల్సిన కుర్రాళ్లు కాబట్టి పెద్ద యూనివర్సిటీల లైన్‌మన్‌లంత బరువు పెంచరు. అయినా ఆ ఏడాది పరుగుల్లో దేశం మొత్తమ్మీద వాళ్లే ముందున్నారు.

65

పెన్ స్టేట్ ఆట అయిన రెండు వారాలకి, 2023 నవంబరు 25న, యాన్ ఆర్బర్‌లో మిషిగన్, ఒహాయో స్టేట్ తలపడ్డాయి. రెండూ అప్పటిదాకా ఓడని జట్లు. ఎదుటి జట్ల సంకేతాలు దొంగిలించారన్న ఆరోపణలపై మిషిగన్ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ వేటు వేయడంతో మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బా స్టేడియంలో లేడు. ఆ స్థానంలో ఉన్న షెరాన్ మూర్ స్వయంగా లైన్‌మన్‌గా ఆడి, లైన్ కోచ్‌గా ఎదిగినవాడు.

మూడో క్వార్టర్. స్కోరు 17-17. ఒక ఎత్తు ముగిశాక మిషిగన్ కుడి గార్డ్ జాక్ జింటర్ లేవలేదు. కాలి ఎముకలు రెండూ విరిగాయి. జట్టంతా చుట్టూ చేరింది. బండి మీద ఎక్కించి తీసుకెళ్తుంటే స్టేడియం మొత్తం అతని పేరు పలికింది. జింటర్ మూడేళ్లకు పైగా ఆ లైన్‌లో ఆడినవాడు, జట్టు కెప్టెన్లలో ఒకడు.

అక్కడ లైన్ తెలిసిన అభిమానికి బాధతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది: ఇప్పుడెవరు? రిజర్వ్ గార్డ్‌ని దించి ఊరుకోలేదు. కుడి ట్యాకిల్ కార్సన్ బార్న్‌హార్ట్‌ని లోపలికి, గార్డ్ స్థానంలోకి జరిపారు. ట్యాకిల్ స్థానంలోకి ట్రెంటే జోన్స్ వచ్చాడు. అంటే ఒక మనిషి పోతే రెండు స్థానాలు మారాయి. సెంటర్‌కి పక్కన కొత్త మనిషి, ఆ మనిషికి పక్కన ఇంకో కొత్త మనిషి. బయట చోటు ఎక్కువ, లోపల ఇరుకు. ట్యాకిల్ వేసే అడుగూ గార్డ్ వేసే అడుగూ ఒకటి కావు. కాంబోలో ఎవరు ఎప్పుడు విడిపోవాలన్నది నెలల తరబడి కలిసి ఆడితే వచ్చే అలవాటు.

తర్వాతి ఎత్తుకే బ్లేక్ కోరమ్ 22 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చేసి, వేళ్లతో 65 అని చూపించాడు. అది జింటర్ నంబరు. 30-24తో మిషిగన్ గెలిచింది.

ఆ పరుగుని భావోద్వేగంతో సాధించారని ఎంతమంది రాశారో లెక్కలేదు. నిజమే కావచ్చు. కానీ బార్న్‌హార్ట్, జోన్స్ ఆ క్షణానికి ఏళ్ల తరబడి సిద్ధమై ఉన్నారు. వేర్వేరు స్థానాల్లో వాళ్లని ఆడించి చూసుకున్న కోచ్‌ల ముందుచూపు కూడా అందులో ఉంది. బ్లాకింగ్‌ని పట్టించుకునేవాళ్లకే ఇది గుర్తొస్తుంది. జింటర్‌ని ఆ కాలితోనే 2024 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మూడో రౌండ్‌లో తీసుకుంది. వాళ్లు ముందునుంచీ అతని అడుగులు చూసి పెట్టుకునే ఉంటారు.

2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జాతీయ ఫైనల్. మిషిగన్‌కి ఎదురు వాషింగ్టన్. ఆ ఏడాది జో మూర్ అవార్డు వాషింగ్టన్ లైన్‌దే. జింటర్ లేని మిషిగన్ లైన్ ఆ రాత్రి 303 గజాల పరుగులకి దారి చేసి, 34-13తో కప్పు తీసుకుంది. ఏ లైన్ గొప్పది అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. వాషింగ్టన్ లైన్‌ది ఎక్కువగా పాస్‌ని కాపాడే పని, మిషిగన్‌ది పరుగుకి దారి చేసే పని. రెండిటినీ ఒకే తక్కెడలో తూచడమే సరికాదని నా అభిప్రాయం.

ఈ వాదన తేలకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని సరిచేయడం కష్టం కాదు. టీవీ కెమెరా మైదానం పక్కనుంచి, బంతి వెంట తిరుగుతుంది. లైన్‌ని సరిగ్గా చూడాలంటే గోల్ వెనకనుంచి, పైనుంచి తీసిన వీడియో కావాలి. అందులో గార్డుల మధ్య సందులు, కాంబోలో ఎవరు ఎప్పుడు విడిపోయారన్నది స్పష్టంగా కనిపిస్తాయి. పక్కనుంచి మొత్తం 22 మందీ కనిపించేలా తీసిన వీడియో కూడా ఉంటుంది. కోచ్‌లు చూసే ఈ వీడియోని ఎన్‌ఎఫ్‌ఎల్ 2012 నుంచి డబ్బు కట్టిన అభిమానులకి ఇస్తోంది. కాలేజీ జట్లు మాత్రం తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటాయి తప్ప బయటికి ఇవ్వవు. బిగ్ టెన్‌కి 2007 నుంచి సొంత టీవీ ఛానెల్ ఉంది, ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌కి 2014 నుంచి ఉంది. శనివారం ఆట అయ్యాక, మంగళవారానికల్లా ఆ వీడియోని జనానికి ఇవ్వడానికి వాళ్లకి అడ్డేమీ లేదు. టికెట్లు కొని, జెర్సీలు కొని, చలిలో నిలబడి అరిచేవాళ్లు ఆ మాత్రం అడగొచ్చు. ఒక్క సీజన్‌కి ఇచ్చి చూడాలి. ఆ అయిదుగురి మీద పడే నిందల్లో సగం అక్కడితోనే పోతాయి, వాళ్లకి రావాల్సిన పేరూ వస్తుంది.